కొండ మీద పొలం గట్టు

దెయ్యాలు ఉన్నాయని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి నేను. నవ్వి ఊరుకునేవాణ్ణి కూడా కాదు, వాళ్ళని పదిమందిలో ఏడిపించి వదిలేవాణ్ణి. కాబట్టి ఇది చదివి మీరు నన్ను చూసి నవ్వితే నాకు తగిన శాస్తే.

నా గురించి ఇంకో సంగతి. రాజమండ్రిలో గోదావరి గట్టు మీద పొద్దున్నే నడిచేవాళ్ళని ఎవరినైనా అడగండి, చెబుతారు. డెబ్భై దాటిన వయసులో, పక్కనున్న మనిషి కనపడనంత మంచులో, ఒంటరిగా కొండెక్కి, దారి తప్పిన మా బావగారిని చెయ్యి పట్టుకుని దింపుకొచ్చిన మొనగాణ్ణి. అందుకు నాకు శాలువా కూడా కప్పారు.

శాలువా మాట నిజం. మిగతాది నెమ్మదిగా చెబుతాను.

నేను ఇరిగేషన్ ఆఫీసు డ్రాయింగ్ సెక్షన్లో ట్రేసర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వేవాళ్ళు కొండలూ వాగులూ తిరిగి గీసుకొచ్చిన మ్యాపు మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనిపించే గీతల్ని సిరాతో మళ్ళీ గీసేవాణ్ణి ట్రేసర్ అంటారు. కొండల్ని గోధుమ రంగు గీతలతో చూపిస్తారు. వాటి పేరు కాంటూర్లు. ఒక గీత మీదున్న చోట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. గీతలు ఎడంగా ఉంటే వాలు నేల, దగ్గర పడితే నిటారు కొండ. ప్రాజెక్టు కడితే ఏ కాంటూరు దాకా మునక వస్తుందో పేపర్లో రాయడం మొదలుపెట్టాక ఈ మాట మా వైపు టీకొట్ల దగ్గర కూడా వినపడుతోంది. నాకు మాత్రం అది అన్నం పెట్టిన గీత.

అలా పాపికొండలు, వాటి వెనక కొండలు, వాటికీ ఎగువన ఏజెన్సీ కొండలు ఎన్ని గీశానో లెక్కలేదు. గీసీ గీసీ వాటిని ఎక్కి దిగినవాడిలా మాట్లాడటం అలవాటైపోయింది. "ఆ కొండా? దాని వెనక ఊట ఉంటుంది, నీళ్ళు కొబ్బరినీళ్ళే" అనేవాణ్ణి. నిజానికి రాజమండ్రి దాటి ఎగువకి నేను వెళ్ళింది ఒకే ఒక్కసారి, లాంచీలో, భోజనంతో కలిపి టికెట్టు కొనుక్కుని.

మా వాకర్లకి పెద్ద ఒక డ్రిల్లు మాస్టారు. ఆయనా రిటైరైనవాడే. ఊళ్ళో నడక చాలదు, మారేడుమిల్లి అవతల కొండల మీద కొన్నాళ్ళు నడుద్దాం, పల్లెల్లో పడుకుందాం, మళ్ళీ నడుద్దాం అని ఆయనకి బుద్ధి పుట్టింది. మ్యాపు ఎవరు చేస్తారంటే అందరూ నా వైపే చూశారు. కాదంటానా?

ఇప్పుడు కాంటూరు షీట్లు ఇంటర్నెట్లో దొరుకుతున్నాయి. జిరాక్సు షాపులో రంగుల్లో ప్రింటు తీయించి, ముక్కలు అతికించి, దారి ఎర్ర సిరాతో గీసి, వాగులకీ పల్లెలకీ తెలుగులో పేర్లు రాసి, ప్లాస్టిక్ కవరు వేయించాను. చెప్పుకోకూడదు గానీ, చెప్పుకుంటాను, చాలా అందంగా వచ్చింది.

ఆ మ్యాపు పట్టుకుని తణుకు దగ్గర మా అక్కగారి ఊరు వెళ్ళాను. మా బావగారు గంగరాజు గారు కాలవ కింద వరి రైతు. పుట్టి పెరిగింది, పండించింది అంతా సమతలం. ఆయన లోకంలో అరడుగు లేస్తే మెరక, అరడుగు దిగితే పల్లం. నా కొండల కబుర్లు ఇంత ఓపిగ్గా వినే మనిషి నాకు ఇంకొకరు లేరు. ఏది చెప్పినా "అలాగా!" అనేవారు. ఆ అలాగా కోసం ఎంత దూరమైనా పోయి అబద్ధం ఆడాలనిపించేది.

మ్యాపు చూసి ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇవేంటోయ్, జెర్రులు పాకినట్టు ఇన్ని వంకర గీతలు?"

"గట్లండి బావగారూ."

"కొండకి గట్లేంటి, నీ మొహం."

"అనుకోండి మరి. ఎక్కడో గండి పడి నీళ్ళొచ్చి ఈ కొండ సగం దాకా నిలిచాయనుకోండి. ఆ నీటి అంచు ఎలా పోతుందో ఈ గీత అలా పోతుంది. అంచెమ్మట గట్టేసి దాని మీద నడిచారనుకోండి, ఎక్కడమూ ఉండదు, దిగడమూ ఉండదు."

ఆయన ఒక గీత మీద వేలు పెట్టి కొండ చుట్టూ మెల్లగా తిప్పారు. "అదన్నమాట. నీళ్ళే మట్టం చెప్తాయి" అన్నారు. మా సెక్షన్లో కొత్తగా చేరినవాళ్ళకి నెల రోజులు పట్టేది ఆ మాట ఎక్కడానికి. తర్వాత, "నేనూ వస్తానోయ్. నీళ్ళు నిలవని నేల ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి" అన్నారు.

లోపల్నించి మా అక్క అరిచింది. "ఒరేయ్ అబ్బులూ, ఆయన్ని కొండల్లోకి తీసుకెళ్ళి ఏమైనా చేశావంటే ఈ గుమ్మంలో నీకు మంచినీళ్ళు కూడా పుట్టవు!"

"నేను పక్కనుంటానే అక్కా. నాకు తెలియని కొండలా అవి?" అన్నాను.

కోతలై, రెండో పంట దాళ్వాకి నారు పోసేలోగా బయల్దేరాం. మొదటి రోజు నడక బండి దారి మీద. నేనే ముందు. రెండో రోజు ఒక కొండరెడ్ల పల్లెలో దిగి బడి వరండాలో పడుకున్నాం. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఎదురుగా మేము ఎక్కవలసిన కొండ ఉంది.

గీతలు దగ్గర పడితే కొండ నిటారుగా ఉంటుందని నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తెలుసు. నిటారు అంటే ఏంటో మాత్రం ఆ పొద్దునే తెలిసింది. మోకాలు పట్టేసిందని చెప్పాను. మోకాలికి ఏమీ కాలేదు. మ్యాపు మడిచి బావగారి చేతికిచ్చి, "నా బదులు ఇది మీ పక్కన ఉంటుంది" అన్నాను.

దారి చూపే చిన్నారెడ్డి ఆ పల్లెవాడే. బయల్దేరేముందు అందరికీ చెప్పాడు. "మంచు కమ్మితే ఎవరూ కిందకి దిగొద్దండి. గట్టు పట్టుకునే ఉండండి. నేనొచ్చి తీసుకుపోతాను."

వాళ్ళకి గట్టంటే కొండ. కొండ వదలకండి, ఉన్నచోటే ఉండండి అని అతని భావం. మా బావగారికి గట్టంటే గట్టే, పొలం గట్టు. పైగా కొండ మీద గట్లున్నాయని ఆయనకి నేనే చెప్పి ఉన్నాను. ఇది నాకు ఆ క్షణంలో తట్టలేదు. మ్యాపు అందంగా ఉందని మాస్టారు మెచ్చుకుంటుంటే వింటున్నాను.

వాళ్ళు వెళ్ళాక రగ్గు కప్పుకుని వరండాలో పడుకున్నాను. కాసేపటికి పైన కొండ మాయమైంది. మంచు పల్లెలోకి కూడా దిగింది. ఎదురింటి ముసలమ్మ అరుగు మీద కూర్చుని విస్తళ్ళకి అడ్డాకులు కుడుతోంది. రాగిజావ ఇస్తే తాగి మళ్ళీ పడుకున్నాను. ఆ రోజు నేను చేసిన సాహసం మొత్తం ఇంతే.

మధ్యాహ్నం మంచు విడుతుంటే ఎవరో నవ్వుతున్నట్టయి కళ్ళు తెరిచాను. బావగారు వరండా ముందు నుంచుని ఉన్నారు. ఒక్కరే.

"ఏంటోయ్, ఏమీ ఎరగనట్టు పడుకున్నావు? ఇప్పుడే కదా నా ముందు నడిచి వచ్చావు! ఏం నడక అది! అందుకోలేక చచ్చాను."

నాతో మేలమాడుతున్నారనుకున్నాను. ఆయన వరండా అంచున కూర్చుని చెప్పారు. మంచు కమ్మినప్పుడు ఆయన వెనకబడ్డారట. మ్యాపు తీసి చూసి, పక్కనే ఒక గీత పోతోందని గుర్తుపట్టి, నాలుగడుగులు పక్కకి వేశారట. కాళ్ళ కింద గట్టు తగిలిందట. బాగా తొక్కి గట్టిపడ్డ గట్టు, మన పొలాల్లో ఉండేలాంటిదే. బూట్లతో జారుతుందని విప్పి చేత్తో పట్టుకున్నారట. ఎడం పక్కన మంచులో ఏమీ కనపడలేదు గానీ, తూములోంచి నీళ్ళు పడే చప్పుడు దారంతా వినపడిందట. ముందు కొంచెం దూరంలో నేను, తలకి తువ్వాలు చుట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నానట. ఆయన ఆగితే నేనూ ఆగుతున్నానట. ఎక్కడా ఎక్కలేదు, ఎక్కడా దిగలేదు, నువ్వు చెప్పినట్టే ఉందోయ్ అంటూ మ్యాపు మీద ఆ గీత చూపించారు.

అప్పుడు ఆయన కాళ్ళు చూశాను.

పిక్కల దాకా బురద. ఆ కొండల్లో మట్టి ఎర్రది, గరుకుగా ఉంటుంది. ఇది నల్లగా, జిగురుగా, వేళ్ళ మధ్య నుంచి పైకి ఉబికిన ఒండ్రు. వరి చేలో దిగి వచ్చిన కాళ్ళు ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. మడమ దగ్గర చిన్న నత్తగుల్ల అంటుకుని ఉంది. చేతిలో ఉన్న బూట్లకి మాత్రం ఎర్ర దుమ్ము. వాసన కూడా చూశాను, చెప్పడానికి సిగ్గేస్తోంది, వంగి మరీ చూశాను. నీళ్ళు పెట్టిన చేను వాసన.

ఆ పల్లెలో వరి లేదు. జీడిమామిడి, పోడు కొర్రలు, అంతే.

నేను నోరు తెరిచేలోగా మాస్టారూ మిగతావాళ్ళూ చిన్నారెడ్డి వెనక పరిగెత్తుతున్నట్టు దిగి వచ్చారు. మనిషి తప్పిపోయాడని పైన అరిచి అరిచి గొంతులు పోయాయి వాళ్ళకి. మాస్టారు ఏడుస్తున్నాడు. బావగారిని చూసి కౌగిలించుకుని, "ఎలా దిగారండీ? ఎవరు దింపారండీ?" అన్నాడు.

"మా బావమరిది వచ్చాడండీ" అన్నారు బావగారు.

అందరూ నా వైపు తిరిగారు. ఆ చూపులు నాకు జీవితంలో ఎప్పుడూ దొరకలేదు. ఆఫీసులో ముప్పయ్యేళ్ళపైన ఎవరో గీసినదాని మీద గీసినవాణ్ణి. నేను కాదని అనడానికి ఒక్క ముక్క చాలు. అనలేదు. "ఎంతైనా మా బావగారు కదండీ" అన్నాను. చూడండి, అది అబద్ధం కూడా కాదు.

ఎదురింటి ముసలమ్మ నా వైపు చూసింది, నా పొడి చెప్పుల వైపు చూసింది, ఆకులు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అందరూ సామాను సర్దుకుంటుంటే, బహిర్భూమికని చెప్పి చిన్నారెడ్డిని వెంటబెట్టుకుని బావగారు చూపించిన గీత ఉన్న వైపు కొంత దూరం ఎక్కాను. ఆ చోటు కింద నుంచే కనిపించింది. రాతి గోడ. పగుళ్ళలో చెట్ల వేళ్ళు తప్ప ఏమీ లేవు.

"అక్కడ మేకైనా నిలబడదండి. అటు నించి ఎలా తెచ్చారండీ ఆయన్ని?" అన్నాడు చిన్నారెడ్డి.

"ఏదోలే" అన్నాను.

ఇంకొకటి కూడా ఉంది, అది నాబోటివాడికి మాత్రమే కనపడేది. ఆ గీత కొండ చుట్టూ తిరిగి మళ్ళీ మొదలైన చోటికే వస్తుంది. పల్లె దానికి చాలా గీతల దిగువన ఉంది. ఏ రెండు కాంటూర్లూ ఒకదాన్నొకటి కలవవు, మాకు చేరిన వారంలోనే నేర్పే సంగతి ఇది. ఆ గీత మీద జీవితాంతం నడిచినా ఆ బడి వరండాకి రాలేరు. దిగాలి. బావగారు ఒక్క అడుగు కూడా దిగలేదంటున్నారు. పైగా మోకాళ్ళ నొప్పుల మనిషి, దిగితే ఆయనకి తెలియకుండా ఉండదు.

రాజమండ్రి వచ్చాక నా కథ పెరగడం మొదలుపెట్టింది. మొదట చెయ్యి పట్టుకుని దింపాను. శాలువా నాటికి కొంత దూరం వీపు మీద మోశాను. ఎండాకాలానికి ఎలుగుబంటి కూడా వచ్చి చేరింది. ఎలుగుబంటి సంగతి బావగారి ముందే చెప్పాను ఒకసారి. ఆయన "అలాగా!" అన్నారు.

కానీ ఫోన్ చేసినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే. "ఆ గట్టు మీదకి ఇంకోసారి తీసుకెళ్తావేంటోయ్?"

"వెళ్దామండి, ఎండలు తగ్గనివ్వండి" అనేవాణ్ణి. తర్వాత వానలు తగ్గనివ్వండి. తర్వాత నా మోకాలు. ఎక్కడికని తీసుకెళ్ళను? ఆ గట్టు నాకేం తెలుసు?

కొన్నిసార్లు ఇంకో రకంగా అడిగేవారు. "అంత ఎత్తున నీళ్ళెక్కడివంటావు? నువ్వు ముందున్నావు కదా, నీకు బాగా కనపడుంటుంది."

"ఊటలండి. ఆ కొండల్లో మామూలే."

"అలాగా" అనేవారు. ఆ అలాగాలో మునుపటి ఊపు లేదని నాకు ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు నాకు వినపడలేదు. నా గొంతు నాకు వినపడుతుంటే ఇంకేం వినపడుతుంది?

మరుసటి ఏడు దాళ్వా పొట్ట మీద ఉండగా ఆయనకి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక చూడ్డానికి వెళ్ళాను. ముందుగదిలో మంచం మీద ఉన్నారు. కిటికీలోంచి చేను కనపడుతుంది. తలగడ కింద నుంచి నా మ్యాపు తీశారు. మడతల దగ్గర ప్లాస్టిక్ తెల్లబడిపోయింది.

"ఇంక ఎలాగూ నడవలేను. ఆ గట్టు ఎక్కడ మొదలైందో, ఎటు తిరిగి బడి దగ్గరికి వచ్చిందో, ఒక్కసారి దీని మీద చూపించు" అన్నారు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. మా అక్క పెరట్లో ఉంది. శాలువాలు కప్పేవాళ్ళెవరూ లేరు. నేను జేబులోంచి పెన్ను తీశాను. చెయ్యి దానంతటదే కదిలింది. కొండ మీద ఒక చోట మొదలుపెట్టి, కాంటూర్లని అడ్డంగా కోసుకుంటూ, బడి దాకా ఒక దారి గీసేశాను. లేని దారి. చాలా నమ్మకంగా గీశాను. వంపులు కూడా పెట్టాను.

ఆయన చాలాసేపు చూశారు. గీత మీద వేలు పెట్టలేదు.

"బాగా గీశావోయ్" అని మడిచి తలగడ కింద పెట్టుకున్నారు.

వారం తిరక్కుండానే పోయారు.

ఆ రోజు ఆయన ముందు నడిచింది ఎవరో నాకు తెలియదు. చలికీ భయానికీ మనిషి మనసు ఏవేవో చూపిస్తుందని మాస్టారు లాంటివాళ్ళు అనొచ్చు. నేనూ ఆ మాటతో సరిపెట్టుకోవాలని చూశాను. మరి నత్తగుల్ల? కళ్ళకి భ్రమ పుడుతుంది సరే, కాళ్ళకి ఒండ్రు ఎలా అంటుతుంది? చూసినదాన్ని ఉన్నదున్నట్టు గీయడమే నా ఉద్యోగం. ఇది మాత్రం ఎలా గీయాలో ఇప్పటికీ తెలియలేదు.

పెద్దకార్యం అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక, మా అక్క వసారాలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు తీసి, ఇక ఆగలేక చెప్పేశాను. ఆ రోజు కొండెక్కింది నేను కాదక్కా. వరండాలో పడుకున్నాను. బావగారి ముందు నడిచింది ఎవరో నాకు తెలీదు. ఆయన్ని నమ్మించి మోసం చేశాను. ఇలా చెప్పి, తిడుతుందని తల వంచుకున్నాను.

అక్క చెయ్యి ఆగలేదు.

"నమ్మించావా? ఎవర్ని రా నువ్వు నమ్మించింది? ఆయన ఇంటికొచ్చిన రోజే చెప్పారు నాతో. ముందు నడిచినాయన దారి పొడుగునా ఒక్క ముక్క మాట్లాడలేదే, మీ తమ్ముడెలా అవుతాడే అని."

"మరి... నన్నెందుకు అన్నిసార్లు అడిగారు?" అన్నాను.

"నేను కాదండీ అని నువ్వంటావని. ఆ ఒక్క ముక్కా నువ్వంటే, మరి ఆ వచ్చింది ఎవరై ఉంటారో ఇద్దరూ కూర్చుని చెప్పుకోవాలని. ఇలాంటివి నీతో కాకపోతే ఇంకెవరితో అంటారు? ఊళ్ళోవాళ్ళతో అంటే నవ్వరూ?"

మిరపకాయల చేట నా వైపు తోసింది.

"నువ్వేమో గీత గీసిచ్చావు."